ఊడని మరమ్మతు

మా పాత ఇంటి పడమటి గోడ పాడవడానికి కారణం నేనే. ఈ మాట ఒప్పుకోవడానికి నాకు ఆరేళ్లు పట్టింది.

ఆరేళ్ల కిందట ఆ గోడ అడుగు వరసల్లో ఇటుకల మధ్య సున్నం రాలుతుండేది. వేలు పెడితే పొడిపొడిగా చేతికొచ్చేది. పొద్దున ఊడ్చినా సాయంత్రానికి గోడ మొదట్లో మళ్లీ గుప్పెడు పొడి. ఇల్లు కూలుతుందేమోనని నాకు ఒకటే టెన్షన్. మేస్త్రీని పిలిపించాను. ఆయన గోడంతా చూసి, "ఏం పాళ్లలో కలపమంటారు సార్?" అని అడిగాడు. నాకేం తెలుసు? "గట్టిగా కలపండి" అన్నాను. ఒక పాలు సిమెంటు, మూడు పాళ్లు ఇసుక కలిపి సందులన్నీ కూరి, పైన అర అంగుళం మందాన పూత పూశాడు. పని అయ్యాక అరచేత్తో గోడను ఒకసారి తట్టి, "ఇక సుత్తి పెట్టి కొట్టినా ఊడదు సార్" అన్నాడు.

మాట నిలబెట్టుకున్నాడు. మూడో ఏటికి లోపలి వైపు పెయింటు బొబ్బలెక్కింది. ఐదో ఏటికి చెమ్మ కిటికీ అడుగు దాకా పాకింది. పోయిన ఏడాది ఆ పూత తీయించక తప్పలేదు. ఉలి పెట్టి కొడితే ఊడింది, కానీ ఒంటరిగా రాలేదు. ఇటుకల ముఖాలను కూడా చెక్కుకుని వచ్చింది. పెళ్ల తిప్పి చూస్తే వెనక ఎర్రటి పొర. గోడలో మిగిలిన ఇటుకను గోరుతో గీరితే తడి పిండిలా రాలింది. నాలుగు వరసల పైన, సిమెంటు తగలని చోట, అదే బట్టీ ఇటుకలు, అదే పాత సున్నం, అంచులు కూడా అరగకుండా ఉన్నాయి.

ఆ రోజు నుంచి పాత గోడల గురించి దొరికినదల్లా చదివాను, పని జరిగే చోట నిలబడి చూశాను, చూసినవాళ్లను విసిగించాను. చివరికి నాకు మిగిలిన అభిప్రాయం ఒక్కటే. పాత గోడలకు మనం చేసే చెరుపులో ఎక్కువ భాగం వాటిని గట్టి చేద్దామన్న తాపత్రయం వల్లే జరుగుతుంది. పాత కట్టుబడికి వేసే మరమ్మతు ఆ కట్టుబడి కన్నా మెత్తగా ఉండాలి. గోడ కన్నా ముందు అదే పోవాలి. ఈ మాట చెబితే చాలామంది నన్ను వింతగా చూస్తారు. డబ్బు పెట్టి పోయే పని చేయించుకోవడమేంటని.

కాస్త వెనక్కి వెళ్లాలి. పాత గోడ నీళ్లు తాగుతుంది. వాన జల్లు కొడితే ఇటుకా సున్నమూ తడిని పీల్చుకుంటాయి, ఎండా గాలీ తగిలాక వదిలేస్తాయి. గోడ మందంగా ఉంటుంది కాబట్టి బయటి తడి లోపలి ముఖానికి చేరేలోపే వాన వెలుస్తుంది, గోడ ఆరడం మొదలవుతుంది. ఇప్పటి గోడల లెక్క వేరు. నీటిని బయటే ఆపేయాలి, ఒక్క చుక్క లోపలికి రాకూడదు. అందుకే సన్నటి గోడ, గట్టి పూత, నీరు చొరని రంగు. రెండు పద్ధతులూ పనిచేస్తాయి. ఒకదాని మీద ఇంకొకదాన్ని తెచ్చి అతికిస్తేనే చిక్కు.

గోడ మందం అన్నాను కాబట్టి ఒక మాట. షికాగోలో మొనాడ్‌నాక్ బిల్డింగ్ అని ఉంది. 1891లో పూర్తయిన దాని ఉత్తర భాగం 16 అంతస్తులు, బయటి గోడలు ఇటుకవే, ఆ గోడలే బరువు మోస్తాయి. అడుగున వాటి మందం 6 అడుగులు. ఇటుకను అంత ఎత్తుకు తీసుకెళ్లినవాళ్లు ఆ తర్వాత పెద్దగా లేరు. ఉక్కు చట్రం వచ్చింది, గోడ బరువులు దించేసి తెరలా మారిపోయింది. ఇప్పుడు మనకు దొరికే సామానూ, మేస్త్రీలు నేర్చుకున్న పనీ ఈ తెర గోడల కాలానివి. వాటితో మోత గోడకు వైద్యం చేయబోతున్నాం.

నీళ్లు తాగిన గోడ వాటిని ఎక్కడి నుంచి వదులుతుంది? దారి సులువుగా ఉన్న చోట నుంచి. సున్నం కట్టుబడిలో ఆ సులువైన దారి ఇటుకల మధ్య సందే. నీళ్లు ఒంటరిగా రావు. నేలలోని ఉప్పులు, ఇటుకలోని ఉప్పులు వాటిలో కరిగి వస్తాయి. నీరు ఆవిరయ్యే చోట ఉప్పు గడ్డకడుతుంది. గోడ మీద తెల్లగా బూడిద పూసినట్టు కనిపించేది అదే. అది పైన పేరుకుంటే బ్రష్షుతో దులిపితే పోతుంది. చర్మం కింద, రంధ్రాల్లో పేరుకుంటేనే ప్రమాదం. సోడియం సల్ఫేట్ అనే ఉప్పు ఒక అణువుకు పది నీటి అణువులను పట్టుకుని స్ఫటికంగా మారుతుంది, అప్పుడు దాని పరిమాణం మూడు రెట్లు దాటుతుంది. తడి, పొడి, మళ్లీ తడి. ప్రతిసారీ రంధ్రం గోడలను లోపలి నుంచి నెడుతుంది. చలి దేశాల్లో గడ్డకట్టే నీరు కూడా 9 శాతం పెరిగి ఇదే పని చేస్తుంది.

సందులో సున్నం ఉంటే ఈ గొడవంతా సున్నంలో జరుగుతుంది. సున్నం రాలుతుంది. మళ్లీ నింపుకుంటాం. సందును సిమెంటుతో బిగించేస్తే నీటికి ఆ దారి మూసుకుపోతుంది, అది ఇటుక గుండా బయటికొస్తుంది, ఉప్పు ఇటుకలో గడ్డకడుతుంది. ఇటుక రాలుతుంది. ఇటుకను మళ్లీ నింపుకోలేం. పాత ఊళ్లలో, పాత వీధుల్లో ఎక్కడైనా గమనించండి: సందుల్లోని సిమెంటు గీతలు తేనెపట్టు గదుల్లా ముందుకు పొడుచుకు వచ్చి, మధ్యలో ఇటుకలు గుంటలు పడి ఉంటాయి. సిమెంటు మాత్రం చెక్కుచెదరదు.

నేను రోజూ ఊడ్చిన పొడి గోడకు పట్టిన రోగం అనుకున్నాను. గోడ తన పని తాను చేసుకుంటోంది, అంతే.

సున్నం సంగతి తెలుసుకోవాలంటే దాని చక్రం తెలియాలి. సున్నపురాయిని 900 డిగ్రీల దాకా కాలిస్తే అందులోని కార్బన్ డయాక్సైడ్ వెళ్లిపోతుంది. స్వచ్ఛమైన రాయి 100 కిలోలు కాలిస్తే మిగిలేది 56 కిలోలే. దాన్ని నీళ్లలో వేస్తే బుసబుస పొంగి, వేడెక్కి, చల్లారి మెత్తటి గుజ్జవుతుంది. ఇసుకతో కలిపి గోడలో పెట్టాక, పోయిన కార్బన్ డయాక్సైడ్‌నే గాలి నుంచి నెమ్మదిగా మళ్లీ పీల్చుకుంటుంది. మళ్లీ సున్నపురాయి అవుతుంది. ఆ గాలి పైపొర దాటి లోపలికి చేరడానికి నెలలు పడుతుంది, మందపు గోడ నడిమధ్యకు చేరడానికి ఏళ్లు. ఈలోగా గోడ కాస్త కుదురుకున్నా, ఎండకు సాగినా సున్నం సర్దుకుంటుంది. వెంట్రుక వాసి నెర్రె వస్తే లోపల ఇంకా గట్టిపడని సున్నం నీటిలో కరిగి వచ్చి అక్కడే గడ్డకట్టి దాన్ని పూడ్చుకుంటుంది కూడా. పాత కోటగోడలు ఎక్కడా ఎండకు సాగడానికి వదిలే ఖాళీ, అంటే ఎక్స్‌పాన్షన్ జాయింట్ లేకుండా వందల అడుగులు సాగిపోవడానికి ఈ గుణం ఒక కారణం. సిమెంటుకు సర్దుకోవడం రాదు. కదలిక వస్తే సిమెంటన్నా పగలాలి, పక్కనున్న ఇటుకన్నా పగలాలి. రెండింట్లో బలహీనమైనది పగులుతుంది. పాత ఇటుకే బలహీనమైనది.

బలం ఎంత తేడా అంటే, నీటిలోనూ గట్టిపడే సహజ సున్నాలను 2, 3.5, 5 అని మూడు తరగతులుగా అమ్ముతారు. 28 రోజుల నాటికి అది తట్టుకోవాల్సిన కనీస ఒత్తిడి మెగాపాస్కల్స్‌లో ఆ అంకె. మామూలు సిమెంటుకు అదే అంకె 40 పైచిలుకు. ఈ అంకెలు చూసి చాలామంది సిమెంటు వైపు మొగ్గుతారు. నేనూ మొగ్గాను. కానీ రెండంతస్తుల ఇంట్లో మందపాటి గోడ అడుగున ఉండే ఒత్తిడి సాధారణంగా ఒక మెగాపాస్కల్ కూడా ఉండదు. 40 ఎవరికి కావాలి?

ఇక్కడ సిమెంటును తిట్టడం నా ఉద్దేశం కాదు. సరైన చోట దానికి సాటి లేదు. ఆ సంగతి మొదట కనిపెట్టినవాళ్లకు బాగా తెలుసు. 1756లో జాన్ స్మీటన్ అనే ఇంగ్లిష్ ఇంజనీరుకు సముద్రం మధ్యలో ఎడిస్టోన్ బండల మీద దీపస్తంభం కట్టే పని వచ్చింది. మామూలు సున్నం నీటిలో గట్టిపడదు. రకరకాల సున్నపురాళ్లు తెప్పించి పరీక్షించి, బంకమన్ను కలిసిన రాయి నుంచి వచ్చే సున్నం నీటిలోనూ గట్టిపడుతుందని తేల్చాడు. దానికి ఇటలీ నుంచి తెచ్చిన అగ్నిపర్వత బూడిద కలిపి కట్టాడు. 1759లో దీపం వెలిగింది. వందేళ్లకు పైగా అలలను కాసింది. 1882లో దాని స్థానంలో వేరే స్తంభం కట్టాల్సి వచ్చింది, కారణం స్మీటన్ కట్టుబడి కాదు, కింద ఉన్న బండ కోసుకుపోవడం. పై భాగాన్ని విప్పి తీరానికి తెచ్చి ప్లిమత్‌లో మళ్లీ నిలబెట్టారు. ఆ దారిలోనే నడిచి 1824లో జోసెఫ్ ఆస్ప్‌డిన్ పోర్ట్‌లాండ్ సిమెంటుకు పేటెంటు తీసుకున్నాడు. పోర్ట్‌లాండ్ అనే చోట దొరికే రాయిలా కనిపిస్తుందని ఆ పేరు. సముద్రంలో అలలు కొట్టే చోట ఏం కావాలో స్మీటన్ అది వెతికాడు. మన గోడ సముద్రంలో లేదు.

"మేస్త్రీకి తెలియక చేశాడు, పెద్ద ఇంజనీర్లయితే ఇలా చేయరు" అనుకుంటారేమో. ఏథెన్స్ కథ వినండి. అక్రోపోలిస్ కొండ మీద పార్థెనాన్ గుడి కట్టినవాళ్లు పాలరాతి దిమ్మెలను ఇనుప కట్లతో కలిపారు. ఇనుము తుప్పు పడితే ఉబ్బుతుందని వాళ్లకు తెలుసు, అందుకే ప్రతి కట్టు చుట్టూ సీసం కరిగించి పోశారు. రెండు వేల ఏళ్లు దాటాక, పంతొమ్మిదో శతాబ్దం చివర మొదలుపెట్టి ఇరవయ్యో శతాబ్దం మొదటి దశాబ్దాల దాకా నికొలాస్ బలానోస్ అనే ఇంజనీరు అక్కడ భారీగా మరమ్మతులు చేశాడు. కొత్త ఇనుము వాడాడు, సీసం తొడుగు లేకుండా. ఇనుము తుప్పు పట్టింది, ఉబ్బింది, లోపలి నుంచి పాలరాయిని చీల్చింది. 1975లో ఏర్పడిన కమిటీ కింద మొదలైన పనిలో ఎక్కువ భాగం ఆ పాత మరమ్మతును విప్పి, ఇనుము తీసి, టైటానియం పెట్టడమే. పాత కట్టడం కన్నా దాని మరమ్మతే ఎక్కువ పని పెట్టింది!

ఇంకో విషయం. 1931లో అదే ఏథెన్స్‌లో పాత కట్టడాల పరిరక్షణ మీద అంతర్జాతీయ సమావేశం జరిగింది. పురాతన కట్టడాలను బలపరచడానికి ఆధునిక పదార్థాలు, ముఖ్యంగా రీఇన్ఫోర్స్‌డ్ కాంక్రీటు, వివేకంతో వాడవచ్చని, వీలైనంత వరకు కనపడకుండా దాచాలని అక్కడి నిపుణులు ఆమోదించారు. వాళ్లు అజ్ఞానులు కారు. తమ కాలంలో దొరికిన అతి గట్టి సామాను మీద నమ్మకం పెట్టుకున్నారు. మా మేస్త్రీ, నేనూ చేసిందీ అదే కదా. అందుకే ఇప్పుడు ఎవరైనా కొత్త ఎపాక్సీ, కొత్త సిలికాన్ కోటింగ్, "వందేళ్ల గ్యారంటీ" అంటే నేను ముందు అడిగే ప్రశ్న ఒక్కటే: తీయాల్సి వస్తే ఎలా తీస్తారు?

సరే, సామాను సంగతి పక్కన పెడదాం. గోడ తడుస్తోందంటే సగం సందర్భాల్లో గోడను ముట్టుకోవాల్సిన పనే ఉండదు. నీరు ఎక్కడి నుంచి వస్తోందో వెతకాలి. ఇది చాలా విసుగు పని, ఎవరూ డబ్బు తీసుకుని చేయరు, అందుకే ఎవరూ చేయరు. జోరు వాన కురిసేటప్పుడు గొడుగు పట్టుకుని ఇంటి చుట్టూ ఒకసారి తిరగండి. నేను మా ఇల్లు అలా మొదటిసారి చూసింది పూత తీయించిన తర్వాత. కప్పు మీది నీరు దింపే గొట్టం మలుపు దగ్గర చీలి, ఆ నీరంతా పడమటి గోడ మీదికే జారుతోంది. చేతి గుడ్డంత తగరపు ముక్కతో పోయేది. దాని కోసం నేను గోడ మొత్తానికి సిమెంటు కవచం తొడిగించాను.

రెండో చోటు నేల. ఇల్లు కట్టినప్పుడు బయటి నేల ఎక్కడుందో ఇప్పుడూ అక్కడే ఉందా? ఉండదు. ఏటేటా మట్టి చేరుతుంది, బండలు పరుస్తారు, వాటి మీద ఇంకో పొర వేస్తారు. ఒకప్పుడు గచ్చు కన్నా రెండడుగులు కింద ఉన్న నేల ఇప్పుడు గచ్చుకు సమానంగా వస్తుంది, గోడ అడుగు వరసలు మట్టిలో కూరుకుపోతాయి. అవి రాత్రీ పగలూ తడి పీలుస్తూనే ఉంటాయి. నేల నుంచి పైకి ఎక్కే చెమ్మ మామూలుగా మీటరు ఎత్తు దగ్గర ఆగిపోతుంది. ఆ ఎత్తు పైన మచ్చ కనిపిస్తే పైనుంచో పక్కనుంచో వస్తోందని అనుమానించాలి. గోడ బయట కొంత మేర తవ్వి, గులకరాళ్లు నింపి, నేలను పాత మట్టానికి దించితే ఒక ఏడాదిలో గోడ తనంతట తాను ఆరుతుంది. మందుల ఇంజక్షన్లు అవసరం లేకుండా. చెమ్మ కొలిచే మీటరు పట్టుకుని వచ్చేవాళ్లతో కాస్త జాగ్రత్త. ఆ రెండు ముళ్ల మీటరు కొలిచేది విద్యుత్ ప్రవాహాన్ని. ఉప్పు పేరుకున్న గోడ ఆరిపోయాక కూడా అందులో ఎర్ర లైటు వెలుగుతుంది.

మూడోది గోడ నెత్తి. పిట్టగోడ పైభాగం, కిటికీ కింది పలక, సజ్జ మొదలు. నీరు అక్కడ నిలవకుండా జారిపోతోందా, జారినది గోడను అంటుకుని కాకుండా కాస్త అవతల చుక్కలుగా పడుతోందా చూడాలి. పలక అడుగున సన్నటి గాడి ఉంటుంది చూశారా, నీటి చుక్క అక్కడ తెగి కింద పడడానికే. పెయింట్ల మీద పెయింట్లు వేసి ఆ గాడిని పూడ్చేస్తాం. అదే చోట మర్రి జాతి మొక్కలు మొలుస్తాయి. వేలంత ఉన్నప్పుడు వేరుతో సహా లాగేయాలి. కొమ్మ కోసి వేరు వదిలేస్తే గోడ లోపల వేరు లావెక్కుతూనే ఉంటుంది. లావైన వేరును లాగితే రాళ్లతో సహా వస్తుంది, అప్పుడు దాన్ని లోపలే చంపి, గోడ విప్పి తీయాల్సిందే.

ఇవన్నీ అయ్యాక, గోడ ఆరాక, సందుల పని. ఉన్న సున్నం గట్టిగా ఉంటే దాన్ని ముట్టుకోవద్దు, అందంగా లేదని కూడా. రాలుతున్న చోట మాత్రమే తీయాలి. సందు వెడల్పుకు రెండు, రెండున్నర రెట్లు లోతు తీయాలని లెక్క. అంటే సెంటీమీటరు సందుకు రెండు, రెండున్నర సెంటీమీటర్లు. పైపైన అర సెంటీమీటరు పూస్తే అది పొరలా ఊడి వస్తుంది. తీసే పని సన్న ఉలితో, చేత్తో చేయాలి. గ్రైండర్ పెడితే పని గంటలో అయిపోతుంది, ఇటుకల అంచులు కూడా అయిపోతాయి. నిలువు సందుల దగ్గర గ్రైండర్ చక్రం పైనా కిందా ఇటుకలను కోయకుండా ఆగదు. తీసిన సందును దులిపి, బాగా తడిపి, అప్పుడు సున్నం పెట్టాలి. పొడి ఇటుక సున్నంలోని నీటిని ఒక్కసారిగా పీల్చేస్తే అది గట్టిపడకుండా పొడిగానే మిగిలిపోతుంది.

పాత సున్నంలో ఏముందో చూడాలంటే చిన్న ముక్కను పలుచని యాసిడ్‌లో వేసే పద్ధతి ఉంది. సున్నం నురగలు కక్కి కరిగిపోతుంది, అడుగున ఇసుక మిగులుతుంది. దాని రంగు, గింజ సైజు చూసి దగ్గరి ఇసుక వెతుక్కోవచ్చు. గవ్వపొడి, సున్నపురాతి పొడి కలిపి ఉంటే అవీ కరిగిపోతాయి, కాబట్టి ఈ పరీక్షను గుడ్డిగా నమ్మకూడదు. ఎక్కువ సందర్భాల్లో ఒక పాలు సున్నం, రెండున్నర నుంచి మూడు పాళ్ల గరుకు అంచుల గింజలున్న ఇసుక దగ్గర తేలుతుంది. త్వరగా పట్టాలంటే ఇటుక పొడి కలిపే పద్ధతి రోమన్ల నాటిది. "ఓ పిడికెడు సిమెంటు కూడా వేస్తే తొందరగా పడుతుంది సార్" అంటాడు మేస్త్రీ. వద్దు. సున్నం మెత్తదనం పోతుంది, సిమెంటు బలం రాదు. సున్నం వేసిన తర్వాత ఎండ తగలకుండా తడి గోనెలు కప్పి కొన్ని రోజులు కాపాడాలి. కళ్లకు అద్దాలు, చేతులకు గ్లవ్స్ మర్చిపోవద్దు. తడి సున్నం కంట్లో పడితే చూపు పోయే ప్రమాదం ఉంది.

పూత కావాలంటే సున్నంతోనే, దాని మీద రంగు కావాలంటే సున్నమే. ప్లాస్టిక్ పెయింటు వేస్తే ఇప్పటిదాకా చేసినదంతా గోవిందా.

పగుళ్ల దగ్గర నా మెత్తదన వాదం సరిపోదు. బ్రిటన్‌లో ఇళ్ల పగుళ్లకు వాడే ఒక వర్గీకరణలో 5 మిల్లీమీటర్ల లోపు వాటిని ఎక్కువగా పైపై సమస్యగా చూస్తారు, 5 నుంచి 25 మధ్య అయితే సీరియస్‌గా తీసుకుంటారు, 25 దాటితే కట్టడం బలం గురించే ఆలోచించాలి. అంకె కన్నా ముఖ్యం అది కదులుతోందా లేదా అన్నది. వందేళ్ల కిందట పగిలి అక్కడే ఆగిన పగులు ఒక మచ్చ మాత్రమే. వానాకాలం తెరుచుకుని ఎండాకాలం మూసుకునేది వేరు, ఒకే దిక్కుగా పెరిగేది వేరు. పగులుకు అటూ ఇటూ రెండు చిన్న మేకులు కొట్టి, వాటి మధ్య దూరం నెలకోసారి కొలిచి, ఒక ఏడాది రాసుకోండి. పగులు కనపడగానే పూడ్చేస్తే ఈ సమాచారమంతా పోతుంది.

కొన్నిసార్లు ఏడాది టైమ్ ఉండదు. 1902 జులైలో వెనిస్‌లో సెయింట్ మార్క్ చౌకులోని గంట స్తంభానికి పగులు వచ్చింది. అంతకు ముందు దాన్ని ఆనుకుని ఉన్న చిన్న కట్టడం కప్పు మరమ్మతుకని స్తంభం ఇటుకల్లో అడ్డంగా గాడి తవ్వారు. పగులు కదులుతోందో లేదో చూడడానికి గాజు పట్టీలు అతికిస్తే అవి పగిలిపోయాయి. 14వ తేదీ పొద్దున స్తంభం మొత్తం కుప్పకూలింది. జనాన్ని ముందే ఖాళీ చేయించారు కాబట్టి మనుషులెవరూ పోలేదు. పైపుల కోసం, వైర్ల కోసం మోత గోడలో అడ్డంగా గాడులు కొట్టేవాళ్లకు ఈ కథ చెబుతుంటాను. గోడ పొట్ట ఉబ్బినట్టు బయటికి వచ్చినా, తట్టితే డొల్ల శబ్దం వచ్చినా, పగులు ఒకేవైపు పెరుగుతున్నా సున్నం డబ్బా పక్కన పెట్టి ఇంజనీరును పిలవాలి.

మా అక్క భర్త ఇంజనీరే. నా వాదన విని నవ్వుతాడు. "ఒరేయ్, నీ సున్నం గోడ భూకంపం వస్తే నిలబడుతుందా? నాకు నంబర్ కావాలి, నీ మెత్తదనానికి నంబర్ ఎక్కడిది?" అంటాడు. భూకంపం దగ్గర ఆయన మాట నిజం. గోడలు ఒకదాన్ని ఒకటి పట్టుకుని ఉండకపోతే, కప్పుకూ గోడకూ లంకె లేకపోతే సున్నమైనా సిమెంటైనా కాపాడదు. అక్కడ స్టీలు కడ్డీలు, బిగింపులు కావాల్సిందే. "బావా, కడ్డీ పెట్టు, ఒప్పుకుంటాను. కానీ అది కనపడేలా, మళ్లీ విప్పగలిగేలా పెట్టు. తుప్పు పట్టనిది పెట్టు. దాని చుట్టూ మాత్రం సిమెంటు పొయ్యకు" అంటాను. దాచిన ఇనుము ఏథెన్స్‌లో ఏం చేసిందో ఆయనకూ చెప్పాను. ఇంకా ఒప్పుకోలేదు.

నాకే ఒప్పుకోవాల్సినవి కొన్ని ఉన్నాయి. సిమెంటు వచ్చాక, సిమెంటుతోనే, గట్టి ఇటుకతోనే కట్టిన ఇంటికి సున్నం వేయాలన్న పట్టు అనవసరం. ఆ గోడకు ఆ సామానే సరి. సున్నం పనికి టైమ్ పడుతుంది, చలి ముదిరితే ఆగిపోతుంది, వాన ముంచుకొస్తే పాడవుతుంది. చేసే చెయ్యి దొరకడం కష్టం. ఏళ్లకోసారి మళ్లీ చేయించాలి. ఈ చివరి దాని మీదే నాకు జనంతో పేచీ. ఇంటి తలుపుకు నూనె రాస్తాం, బండికి సర్వీసింగ్ చేయిస్తాం, గోడను మాత్రం ఒకసారి చేసి మరిచిపోవాలనుకుంటాం. 1877లో విలియమ్ మారిస్, ఆయన మిత్రులు పాత కట్టడాల రక్షణకు ఇంగ్లండ్‌లో ఒక సంఘం పెట్టినప్పుడు అడిగింది కూడా గొప్ప పునర్నిర్మాణాలు వద్దు, రోజువారీ ఆలనా పాలనా చాలని.

మా గోడ విషయానికొస్తే, ముఖాలు పోయిన ఇటుకల్లో పద్నాలుగింటిని మార్చాల్సి వచ్చింది. కొన్నింటిని విప్పి వెనక్కి తిప్పి పెట్టాం, లోపలి ముఖం కొత్తదానిలా ఉంది. గొట్టం బాగు చేయించాను. బయటి బండలు రెండు వరసలు ఎత్తేసి గులకరాళ్లు పోశాను. సందులకు సున్నం పెట్టింది పాత మేస్త్రీయే. నెల రోజులు రోజూ తడపమంటే మొదట విసుక్కున్నాడు, రెండో వారం నుంచి ఆయనే గోనెలు సర్దడం మొదలుపెట్టాడు.

ఒక వానాకాలం గడిచింది. అడుగున రెండు వరసల సందుల్లో సున్నం మళ్లీ కొంచెం రాలింది. నిన్న పొద్దున గోడ మొదట్లో గుప్పెడు పొడి ఊడ్చాను. ఇటుకలను గోరుతో గీరి చూశాను, గట్టిగా ఉన్నాయి. మేస్త్రీకి ఫోన్ చేసి వచ్చే నెల రమ్మన్నాను.